వెంట్రుకంత సందు

ట్రక్కు వెనక తలుపు తెరిచి కిందికి దూకగానే నా ముక్కులోంచి రక్తం కారింది. పదహారు వేల అడుగుల ఎత్తు. పడమటి గాలి. చెట్టు లేదు, పుట్ట లేదు, గడ్డిపోచ లేదు. రాయి, ఇసుక, ఆకాశం, అంతే. ఆరు గుడారాలు, రెండు రాతి బంకర్లు, ఒక రేకుల షెడ్డు. షెడ్డులోంచి మా హవల్దార్ బయటికొచ్చాడు. నా చేతిలో మొదట పెట్టింది తుపాకీ కాదు, ఒక జత ఉన్ని తొడుగులు.

"ఇనుమును ఒట్టి చేత్తో ముట్టకు," అన్నాడు. "తోలు దానికి పోతుంది, ఎముక నీకు మిగులుతుంది."

లడాఖ్‌లో నాకు అందిన మొదటి ఆర్డర్ అది. హవల్దార్ పంజాబీ. అతని హిందీని నాకు వచ్చిన తెలుగులో రాస్తున్నాను.

మన రాష్ట్రం వచ్చిన కొత్తల్లో సంగతి. నేను సైన్యంలో బండ్ల మెకానిక్‌ని. ఇప్పుడు మర్రిగూడలో ట్రాక్టర్లు బాగుచేసుకుంటున్నాను. చాయ్ హోటల్ దగ్గర కూర్చుంటే చాలు, ఎవడో ఒకడు సినిమా చూసొచ్చి అడుగుతాడు, "అన్నా, ఎంతమందిని కాల్చినవే?" అని. ఒక్కణ్ణీ కాల్చలేదు. తుపాకీకి పెట్టిన నూనె కంటే స్పానర్లకు పెట్టిన నూనే ఎక్కువ. ఆ మాట చెబితే అడిగినవాడి మొహం వాడిపోతుంది. నేను చూసిన చావు వాళ్లకు కావలసిన చావు కాదు. అందుకే ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

ఆ పోస్టుకు కిందికి దిగే దారి ఒక్కటే. కొండను చెక్కి తీసిన మట్టి బాట, తొమ్మిది మలుపులు. మంచు పడితే బాట మూసుకుపోతుంది. తెరవడానికి ఒకే ఒక్క బుల్‌డోజర్. అది నడిస్తే మాకు పిండి, కిరసనాయిలు, ఉత్తరాలు, దవాఖాన. అది ఆగితే మేం దీవిలో ఉన్నట్టే.

దాని ఆపరేటర్ మనవాడే. షాద్‌నగర్ అవతల ఒక పల్లె, అప్పటి పాలమూరు జిల్లా. నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. నా మాట వినీ వినగానే, "నల్లగొండోనివా? ఫ్లోరైడ్ నీళ్లు తాగినా పండ్లు తెల్లగనే ఉన్నయి కదరా తమ్మి," అన్నాడు. ఆ రోజు నుంచి నేను తమ్మిని, ఆయన అన్న.

అన్నకు ఒక అలవాటుండేది. ఇంటి నుంచి చిన్న గంధపు చెక్క తెచ్చుకున్నాడు. పొద్దున్నే నున్నటి రాయి మీద నాలుగు చుక్కల నీళ్లతో అరగదీసి, బొటనవేలితో డోజర్ ముందు రేకు మీద ఒక బొట్టు పెట్టేవాడు. దాని మీద కుంకుమ. తర్వాతే సెల్ఫ్ కొట్టేవాడు. హవల్దార్ వెక్కిరించేవాడు, "పెళ్లికూతురు తయారైందా?" అని. అన్న పట్టించుకునేవాడు కాదు.

"నేను చూస్తె దానికి ఆయిలే కనవడుతది తమ్మి. దేవుడు చూస్తె బొట్టు కనవడాలె గద," అనేవాడు.

దసరాకు పది రోజుల ముందు డోజర్ పట్టేసింది. చలికి నూనె గడ్డకట్టి, పైదాకా ఎక్కక, లోపలి బేరింగులు కాలిపోయాయి. ఇంజన్ దించి షెడ్డులో పెట్టి మొత్తం విప్పాం. పిస్టన్లు, లైనర్లు బాగున్నాయి. క్రాంక్ షాఫ్ట్‌కు నునుపు పెడితే సరిపోయింది. కావలసింది కొత్త బేరింగ్ చిప్పలు. వాటికోసం దసరా ముందు రోజు నన్ను కిందికి పంపారు.

ఇక్కడ బండి పని తెలియనివాళ్ల కోసం ఒక మాట. క్రాంక్ షాఫ్ట్ అంటే ఇంజన్‌కు వెన్నుపూస. అది ఏడు చోట్ల గూళ్లలో కూర్చుని తిరుగుతుంది. ఒక్కో గూటిలో రెండు సగం చిప్పలు, కింద నుంచి బిగించే ఒక ఇనుప క్యాపు. చిప్పకూ షాఫ్ట్‌కూ మధ్య వెంట్రుకంత సందు ఉండాలి. ఆ సందులో నూనె నిలుస్తుంది. ఎక్కువైతే నూనె కారిపోతుంది, తక్కువైతే ఇనుము ఇనుమును తింటుంది. సందు లేకపోతే ఏమవుతుందో మా ఊరివాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. మా అవ్వ మెడ తిప్పలేక, వెనక ఎవరైనా పిలిస్తే మనిషంతా తిరిగి చూసేది. ఫ్లోరైడ్ నీళ్లు కీళ్లలో సందు లేకుండా చేశాయి.

చిప్పలు తీసుకుని పండగ మర్నాడు మధ్యాహ్నం పోస్టుకు చేరాను. చివరి మలుపు ఎక్కుతుంటే మంచు మొదలైంది. షెడ్డులో అడుగుపెడితే గుడిలా ఉంది. ఆయుధ పూజ చేశారు. తుపాకులకు, స్పానర్లకు, జాకీలకు, విప్పి పరిచిన ఇంజన్ సామాన్లన్నిటికీ బొట్లు. అన్న మూలన కూర్చుని దగ్గుతున్నాడు.

"అన్నిటికి పెట్టిన తమ్మి," అన్నాడు. "మీది మీది పెట్టుడు కాదు, కడుపుల గూడ పెట్టిన. మీద పెడితె ఇంజన్‌కు ఎట్ల ఎర్కయితది?"

"దగ్గు ఎప్పటిసంది అన్నా?"

"నిన్నటిసంది. సలిగాలి. ఫికర్ చెయ్యకు."

ఆ సాయంత్రం నాలుగో మలుపు దగ్గర కొండ చరియ మంచుతో సహా జారి బాట మీద పడింది. తెల్లవారేసరికి అన్న పెదవులు నేరేడుపండు రంగుకు తిరిగాయి. దగ్గితే గులాబీ రంగు నురగ. డాక్టర్ సాబ్ కెప్టెన్, చిన్న వయసు. ఛాతీకి స్టెతస్కోపు ఆనించి విని, బయటికొచ్చి మాతో అన్నాడు.

"ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ఇక్కడ దీనికి మందు లేదు. కిందికి దించడమే మందు."

రేడియోలో హెలికాప్టర్ అడిగారు. జవాబు వచ్చింది. "మబ్బు కొండను తాకుతోంది. ఎగరలేం. రేపు మళ్లీ అడగండి." మోసుకుపోదామంటే చరియ మీద నడుము లోతు మంచు. ఆ చలిలో గంటల తరబడి స్ట్రెచర్ మీద ఉంటే మనిషి ఆగడన్నాడు డాక్టర్. అన్నను ప్రెషర్ బ్యాగులో పడుకోబెట్టారు. మనిషి పట్టేంత రబ్బరు సంచి అది. కాలితో పంపు తొక్కుతూ ఉంటే లోపల గాలి కిందిలోయ గాలి అంత చిక్కనవుతుంది. ఆగకుండా తొక్కాలి. వంటవాడి నుంచి మేజర్ సాబ్ దాకా అందరూ వంతులేసుకున్నారు.

సంచి జిప్పు వేసే ముందు అన్న నా చేయి పట్టుకున్నాడు. "బండి ఎప్పటికయితది తమ్మి?"

"రేపు పొద్దుగూకేలోపల అయితది," అన్నాను. నిజంగానే అయ్యేది.

సామాన్లు కిరసనాయిలుతో కడిగాం. కుంకుమ ఎర్రగా కారిపోయింది. గుడ్డతో తుడిచి, నూనె రాసి, షాఫ్ట్ కూర్చోబెట్టి, చిప్పలు పెట్టి, క్యాపులు బిగించడం మొదలెట్టాను. ఒక్కొక్కటి బిగించి షాఫ్ట్ చేత్తో తిప్పి చూడాలి. మొదటిది బిగించాక కొంచెం బరువుగా తిరిగింది. కొత్త చిప్పలు కదా అనుకున్నాను. రెండు, మూడు, నాలుగు, బరువు పెరుగుతూ వచ్చింది. ఐదోది బిగించాను. షాఫ్ట్ ఆగిపోయింది. బారెడు కడ్డీ వేసి ఇద్దరం తిప్పినా కదల్లేదు.

ఐదోది వదులు చేస్తే కదిలింది. దోషం ఐదోదే అనుకున్నాం. దాన్ని వదిలేసి ఆరోది బిగించాం. మళ్లీ పట్టేసింది.

"క్యాపులు తారుమారయ్యాయా?" అని అడిగాడు హవల్దార్. నంబర్లు చూశాం. ఎక్కడిది అక్కడే ఉంది. చిప్పల వెనక ముద్ర చూశాం, సరైన సైజే. మైక్రోమీటర్‌తో చిప్ప మందం కొలిచాం. షాఫ్ట్ కొలిచాం. వంగిందేమోనని గాజు పలక మీద దొర్లించి చూశాం. అన్ని కొలతలూ పుస్తకంలో ఉన్నట్టే ఉన్నాయి. సందు మాత్రం లేదు. చిప్ప కూర్చునే గూటిని కొలిచే గేజ్ మా దగ్గర లేదు. అది కింద వర్క్‌షాపులో ఉంటుంది. ఆ కిందికి పోవడానికే కదా ఈ తంటా అంతా.

విప్పాం. బిగించాం. మళ్లీ విప్పాం. ప్రతి నాలుగు గంటలకూ నా పంపు వంతు వచ్చేది. సంచికి చిన్న ప్లాస్టిక్ కిటికీ ఉంది. పంపు తొక్కుతూ అందులోంచి చూస్తే అన్న కళ్లు నా కళ్లనే వెతికేవి. పెదాలు కదిలేవి. ఏమంటున్నాడో తెలుస్తూనే ఉంది. బండి. నేను తల ఊపేవాణ్ణి. అబద్ధం చెప్పడానికి నోరే అక్కర్లేదని ఆ రోజు తెలిసింది.

మా బాపు చేనేత పనివాడు. మగ్గం మొరాయించినప్పుడు నేను విసుక్కుంటే, "మగ్గాన్ని తిట్టకు బిడ్డా. ముడి యాడుందో చూడు," అనేవాడు. నేను ముడి కోసం వెతుకుతూనే ఉన్నాను. ఏడవాలనిపించింది. కన్నీళ్లు గడ్డకట్టే చలిలో ఏడుపు కూడా దండగే.

రెండో రోజు పొద్దున. మబ్బు అలాగే ఉంది. డాక్టర్ షెడ్డులోకి వచ్చాడు. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"ఆక్సిజన్ సిలిండర్లు రెండు మిగిలాయి. ఇంజన్ సంగతి చెప్పండి. నాకు ధైర్యం చెప్పొద్దు, నిజం చెప్పండి."

హవల్దార్ నా వైపు చూశాడు. నేను నేల చూశాను. డాక్టర్ వెళ్లిపోయాక హవల్దార్ జేబులోంచి సిగరెట్ పెట్టె తీశాడు. లోపలి వెండి కాగితం చింపి నా ముందు పెట్టాడు.

"క్యాపుల కింద ఇది మడిచి పెట్టు. క్యాపు కాస్త లేస్తుంది. సందు వస్తుంది. షాఫ్ట్ తిరుగుతుంది."

"తిరుగుతది సాబ్. గూడు గుండ్రం పోతది. ఆయిల్ ప్రెషర్ నిలవదు. చరియ మీద సగం పనిలో మళ్లీ పట్టేస్తది. అప్పుడు వెనక అంబులెన్స్, ముందు చచ్చిన డోజర్."

"సగం పనైనా అవుతుంది కదా. ఇంకేముంది నీ దగ్గర?"

నా దగ్గర ఏమీ లేదు. అతనిది తప్పని నాకు తెలుసు, నాది ఒప్పని చూపించడానికి ఏమీ లేదు. ఆర్డర్ ఆర్డరే. క్యాపులు ఏడూ విప్పాను. నూనె తడి మీద కాగితం నిలవదు, జారిపోతుంది. తడి ఆరాలని క్యాపులను బుఖారీ మీద వరసగా పేర్చాను. బుఖారీ అంటే మా కిరసనాయిలు పొయ్యి. కాగితం మడతలు కత్తిరిస్తూ కూర్చున్నాను.

నూనె పొగ లేచింది. ఆ పొగ వెనక ఇంకో వాసన వచ్చింది.

డీజిల్, కిరసనాయిలు, ఉతకని సాక్సులు తప్ప వేరే వాసన లేని షెడ్డు అది. కత్తెర నా చేతిలో ఆగిపోయింది. గంధం వాసన. కడుపుల గూడ పెట్టిన తమ్మి.

క్యాపు చేతిలోకి తీసుకుని, చిప్ప ఊడదీసి, వెలుతురుకు తిప్పాను. చిప్ప కూర్చునే గూటి నడుమ, నూనె ఇంకిపోయిన చోట, ఒక పాలిపోయిన మచ్చ. నూనె తగిలినంతసేపు ఎండిన గంధం ఇనుము రంగులో కలిసిపోయింది. కుంకుమను కిరసనాయిలు కడిగింది, దాని కింది గంధాన్ని వదిలేసింది. మచ్చలో సన్నటి గీతలు, ఒకదాని చుట్టూ ఒకటి. బొటనవేలి ముద్ర. ఏడు క్యాపుల్లో ఏడు ముద్రలు. ఒక్కొక్కటీ వెంట్రుకంత మందం. చిప్పను వెనక నుంచి షాఫ్ట్ మీదికి నెడుతున్నది అదే.

హవల్దార్ వచ్చి నా భుజం మీదుగా చూశాడు.

"వాడేనా?"

"ఆయనే సాబ్."

"వాడికి చెప్పకు," అన్నాడు. నేను కత్తిరించిన కాగితం మడతలు ఏరి తన జేబులో వేసుకున్నాడు.

వేడినీళ్లలో గుడ్డ ముంచి, గోటితో గీరాను. ఒక్కొక్క ముద్రా మెత్తబడి, పచ్చటి నీరై, గుడ్డలోకి వచ్చేసింది. కిరసనాయిలుకు లొంగనిది గ్లాసుడు వేడినీళ్లకు లొంగింది. నీళ్లతో కలిపిన గంధం నీళ్లకు కాక దేనికి పోతుంది? అంత చిన్న సంగతి. దానికి ఒక రోజు పోయింది.

క్యాపులు మళ్లీ బిగించాను. ఏడోది బిగించాక రెండు వేళ్లతో షాఫ్ట్ తిప్పాను. తిరిగింది. సంతోషం వేయలేదు. భయం వేసింది. ఇక ఆలస్యానికి సాకు లేదు.

పిస్టన్లు, హెడ్డు, ఆయిల్ పంపు. ఎవరు అన్నం పెట్టారో, ఎప్పుడు తిన్నామో తెలియదు. మర్నాడు పొద్దున ఇంజన్‌ను డోజర్‌లో దించి, వేడి చేసిన నూనె పోసి, సెల్ఫ్ కొట్టాను. రెండుసార్లు దగ్గి అందుకుంది. ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచి నిలబడింది. అప్పటికి ఆక్సిజన్ సిలిండర్లు రెండూ అయిపోయాయి. సంచి, పంపు మాత్రమే మిగిలాయి.

అన్నను అంబులెన్స్‌లోకి ఎక్కించేటప్పుడు సంచి తెరిచారు. ఇంజన్ చప్పుడు ఆయనకు వినబడింది.

"మనదేనా?" అన్నాడు. మాట కంటే గురక ఎక్కువ.

"మనదే అన్నా."

"ఏమైందిరా దానికి?"

"దుమ్ము పడ్డది. తీసేసిన."

"బొట్టు పెట్టినవా?"

"పెట్టిన," అన్నాను. పెట్టలేదు. నాకు ధైర్యం చాల్లేదు.

డోజర్ నేనే నడిపాను. వెనక అంబులెన్స్, అందులో డాక్టర్, పంపు తొక్కే ఇద్దరు. నాలుగో మలుపు దగ్గర మంచు డోజర్ కంటే ఎత్తుంది. కోసి, తోసి, వెనక్కి వచ్చి, మళ్లీ కోశాను. ఎడమ చక్రపు పట్టా అంచు లోయ మీద ఉంది. నా చెవిలో రేడియో. డాక్టర్ గొంతు మాటిమాటికీ ఒకటే అంటోంది. "త్వరగా. ఇంకొంచెం త్వరగా." దేవుడి పేరు ఒక్కటి కూడా గుర్తు రాలేదు. బేరింగులనే వేడుకున్నాను.

మధ్యాహ్నం దాటాక చరియ తెగింది. అవతల బాట నల్లగా కనిపించింది. ఐదో మలుపు, ఆరో మలుపు. ఇంకో మూడు దిగితే గాలి చిక్కబడుతుంది, కింద నుంచి వచ్చిన బండి సిలిండర్లతో ఎదురు చూస్తోంది. ఏడో మలుపులో రేడియో పలికింది.

"డోజర్, వినబడుతోందా?"

"వినబడుతోంది సాబ్. పది నిమిషాల్లో దిగిపోతం."

"ఇక తొందర లేదు," అన్నాడు డాక్టర్. "నెమ్మదిగా నడుపు."

కింద డాక్టర్‌ను ఒకే ప్రశ్న అడిగాను. నిన్న దించి ఉంటే బతికేవాడా అని. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్లీ పెట్టుకుని అంబులెన్స్ వైపు నడిచాడు.

నా గడువు ముగిశాక సెలవు మీద వచ్చాను. నల్లగొండలో బస్సు దిగి ఇంటికి పోకుండా ఇంకో బస్సెక్కి షాద్‌నగర్ అవతల అన్న ఊరికి పోయాను. వదిన, అంటే అన్న భార్య, షాద్‌నగర్‌లో ఒక కంపెనీలో ప్యాకింగ్ పనికి పోతోంది. ఆమె షిఫ్టు దిగి వచ్చేదాకా ఇంటి ముందు అరుగు మీద కూర్చున్నాను. చెప్పాలా వద్దా అని బస్సులో అనుకున్నదంతా ఆమెను చూడగానే పోయింది. ఆమే అడిగింది.

"బండి లేటైందని చెప్పిండ్రు తమ్మీ. ఎందుకు లేటైందో ఎవ్వలు చెప్పలె."

హవల్దార్ ఆయనకు చెప్పొద్దన్నాడు. ఈమెకు చెప్పొద్దని అనలేదు. చెప్పాను. గంధం సంగతి, బుఖారీ సంగతి, వేడినీళ్ల సంగతి, అన్నీ. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది.

"గా చెక్క నేనే కట్టిచ్చిన," అన్నది చివరికి. "బొట్టు లేనిది బండెక్కకు అని నేనే చెప్పిన."

చెప్పి ఆమె నెత్తిన ఇంకో బరువు పెట్టానని అప్పుడు అర్థమైంది. ఏదైనా పని చేస్తే ఊపిరాడుతుందనిపించి, ఇంట్లో చెడిపోయిన వస్తువేమైనా ఉందా అని అడిగాను. పెరట్లో బోరు మోటారు మాటిమాటికీ ఆగిపోతోందన్నది.

గోడకు కొట్టిన స్టార్టర్ డబ్బా. తలుపు తీస్తే లోపల కాంటాక్టులు నల్లగా మాడి ఉన్నాయి. గరుకు కాగితంతో రుద్ది సరిచేశాను. మోటారు అందుకుంది, నీళ్లు పడ్డాయి. డబ్బా మూసే ముందు, అలవాటుగా జేబులోంచి గుడ్డ తీసి దుమ్ము తుడవబోయాను. వదిన నా మణికట్టు పట్టుకుంది.

"గక్కడ తుడువకు తమ్మీ."

అప్పుడు చూశాను. డబ్బా తలుపు లోపలి వైపు, ఎండ తగలని చోట, అంతకు ముందటి దసరాకు సెలవులో వచ్చినప్పుడు అన్న పెట్టిన బొట్టు. కుంకుమ రాలిపోయింది. గంధం మిగిలింది. ఒకదాని చుట్టూ ఒకటి సన్నటి గీతలు. నేను గోటితో గీరిన ఏడింటిలాంటిదే, ఎనిమిదోది.

"మీరు తీసేసినయి తీసేసిండ్రు," అన్నది. "గిది ఉండనియ్యి."

గుడ్డ జేబులో పెట్టుకున్నాను. మోటారు నడుస్తూనే ఉంది.